ఇల్లుబండికి పాత బంక

పాత బంక పోయిన రోజున అది పోయిందని ఎవరూ గుర్తించలేదు. గుర్తించడానికి అదేమీ నగ కాదు.

వైశాఖమాసపు ఎండ. జిల్లా విద్యాశాఖ కార్యాలయం వెనక వేపచెట్టు నీడలో నిలిపి ఉన్న బండి మీదికి నిచ్చెన వేసుకుని డ్రైవరు నూకరాజు ఎక్కాడు. అతని చేతిలో సుభాషిణి టీచరు తన వంటింట్లోంచి తెచ్చిచ్చిన అట్లకాడ ఉంది. ఆ బండి పైకప్పు మధ్యలో గాలి కోసం ఒక చిన్న కిటికీ ఉంది. వాననీరు దిగకుండా దాని అంచుల చుట్టూ కంపెనీవాళ్లు పూసిన సీలెంటు, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసి, మడమల పగుళ్లలాగా పగిలిపోయింది. సీలెంటు అన్నది డబ్బా మీది మాట. నూకరాజు దాన్ని బంక అంటాడు. అట్లకాడ మొన దూర్చి లేపితే ఆ బంక పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది.

"మెల్లగా నూకరాజూ. రేకు గీరుకుపోతుంది," అంది సుభాషిణి కింద నుంచి.

"నాకు తెలీదేటండీ! మా ఆవిడ పెసరట్టు తీసినంత సుతారంగా తీత్తన్నానండి," అన్నాడు నూకరాజు పైనుంచి.

కొత్త సీలెంటు పట్టుకోవాలంటే పాతది పిసరంత కూడా మిగలకూడదు. అందుకని ఓపిగ్గా గీకాడు. గీకిందంతా బకెట్లో వేశాడు. సాయంత్రం మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు పాట పెట్టుకుని వస్తే, బకెట్టు అందులో బోర్లించి, కొళాయి దగ్గర కడిగి, వేపకొమ్మకు తగిలించి ఇంటికి పోయాడు. శుభ్రత తెలిసిన మనిషి. ఆ శుభ్రతే తర్వాత కాగితాల్లో "తొందరపాటు చర్య"గా నమోదైంది.

ఆ బండి సంగతి కాస్త చెప్పాలి. అది పర్యాటక శాఖవారు గోదావరి ఒడ్డున యాత్రికులు విడిది చెయ్యడానికని కొన్న కారవాన్. లోపల మంచం, మడతబల్ల, గిన్నెలు కడుక్కునే తొట్టి, అన్నీ ఉన్నాయి. లేనిది యాత్రికులే. వాళ్లకంటే ముందు దోమలు వచ్చి చోటు పట్టుకున్నాయి. పథకం మూతపడ్డాక బండిని విద్యాశాఖకు అప్పగించి, పక్కన "సంచార విజ్ఞాన శకటం" అని రాయించారు. పంటు మీద ఎక్కి గోదావరి పాయలు దాటి, లంక గ్రామాల బడులకు పుస్తకాలూ దుర్భిణీ తీసుకువెళ్లడం దాని పని. లంకల్లో పిల్లలకు మాత్రం అది ఇల్లుబండి. పంటు రేవులో ఆగకముందే "ఇల్లుబండొచ్చిందిరోయ్" అని కేక వినపడుతుంది.

బండి బాధ్యత సైన్సు టీచరు సుభాషిణిది. ఆవిడ భర్త సోమశేఖరం అదే ఊళ్లో డ్రాయింగు మాస్టారు. బండి వచ్చిన వేసవి సెలవుల్లో ఆయన లోపలి మంచం మీద వెల్లకిలా పడుకుని, కప్పు లోపలి వైపు నిండా వేసవి రాత్రి ఆకాశం వేశాడు. శాఖవారు ఇచ్చినవి నీటిరంగులే. వాటితోనే వేశాడు. తలుపు వైపు సప్తర్షులు. గాలికిటికీ పక్కన పెద్ద తేలు. తేలు గుండెలో ఉండే జ్యేష్ఠ నక్షత్రానికి ఒక్కదానికే ఎర్రరంగు. పిల్లలు పుస్తకాలు తీసుకున్నాక చాప మీద పడుకుని దాన్ని చూస్తారు. చూస్తూ చూస్తూ కొందరు నిద్రపోతారు. వాళ్లను లేపకూడదన్నది మాస్టారు పెట్టిన నియమం.

కిందటి కార్తీకంలో సోమశేఖరం పోయాడు. ఎవరైనా ఆ మాటెత్తితే సుభాషిణి "అవునండీ" అంటుంది. తర్వాత వాళ్ల పిల్లల చదువు గురించి అడుగుతుంది.

చలికాలంలో పడిన ఒక అకాలపు వానకు తేలు కొండి దగ్గర చిన్న మరక కనిపించింది. వేలు పెడితే నలుపు అంటుకుంది. వానాకాలం వచ్చేలోగా పైకప్పు బాగుపడాలి. ఆవిడకు కావలసింది అంతే.

*

"పాతది ఏదమ్మా?" అన్నాడు విశ్వపతి.

విశ్వపతి జిల్లా స్టోర్సు అధికారి. మంచివాడు. వచ్చినవాళ్లకు ముందు టీ ఇప్పించి, ఆ తర్వాతే లేదంటాడు.

"తీసేశామండీ. అందుకే కొత్తదానికి వచ్చాను."

"తీసేశారు. సంతోషం. తీసేసిన సదరు జల నిరోధక లేపన పదార్థం ప్రస్తుతం ఎవరి అధీనమందున్నది?"

"మున్సిపాలిటీవారి ట్రాక్టర్లో వెళ్లిపోయిందండీ."

విశ్వపతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే అవతలివాళ్లకు ఏదో నష్టం జరిగిందని అర్థం. వేలెత్తి గోడ మీది బోర్డు చూపించాడు. "పాతకు ప్రణామం. పాతది జమ చెయ్యి, కొత్తది పొందు."

వృథాను అరికట్టాలని రాజధానిలో సంచాలకులవారికి ఒక శుభముహూర్తాన తోచిన పథకం అది. మొదట బల్బులతో మొదలైంది. మాడిన బల్బు ఇస్తే వెలిగే బల్బు. బాగానే ఉంది. తర్వాత చీపుళ్లకు వచ్చింది. తర్వాత సుద్దముక్కలకు వచ్చింది. పంతుళ్లు నల్లబల్ల తుడిచిన పొడిని డస్టరు దులిపి పొట్లాలు కట్టి తెస్తే, తూకం వేసుకుని కొత్త సుద్ద ఇచ్చారు. గట్టిగా తుమ్మే అలవాటున్న ఒక తెలుగు పంతులు అప్పట్నుంచి పాఠాలు నోటితోనే చెప్పాడు. ఆ తర్వాత మధ్యాహ్న భోజనంలో గుడ్లకు వచ్చింది. పెంకులు లెక్కకు సరిపోతేనే మర్నాటి గుడ్లు. పిల్లలు పెంకు చిట్లకుండా గుడ్డు ఒలవడంలో ఆరితేరారు. ఆ విద్యలో మన జిల్లాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

"నా డబ్బుతో కొనుక్కుంటానండీ," అంది సుభాషిణి.

"అయ్యో, ఆ మాట అనకండి!" విశ్వపతి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "కిందటేడు ఒక హెడ్మాస్టరు సొంత డబ్బుతో బడిలో కొళాయి పెట్టించాడు. ఏమైంది? ఆ నీటి మీద హక్కు కోరే ఉద్దేశం తమకు కలదా లేదా వివరించవలసిందని మెమో వచ్చింది. ఇంకా వివరిస్తూనే ఉన్నాడు. మీ ట్యూబు ఆ బండికి తగిలితే బండి వివాదాస్పద ఆస్తి అయిపోతుంది. షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత దాన్ని పాత ఇనుముకు అమ్మకుండా నేను ఆపలేను."

సుభాషిణి టీ గ్లాసు కింద పెట్టింది. "మరి దారేమిటండీ?"

"దారి లేకపోవడమేమిటి! నియమం దయగలది. మీ బండిదే అయ్యుండాలని లేదు. ఏ ప్రభుత్వ కప్పు మీదిదైనా సరే, అంత తూకం పాత లేపనం తెచ్చి జమ చెయ్యండి. కొత్తది తక్షణమే జారీ. నా గదిలో పెట్టెలకు పెట్టెలు ఉంది."

బయటికొచ్చాక నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "కొత్తది పెట్టెల్లో ఉందంటండి. పాతది దొరకదంటండి. లోకం తిరగబడిపోయిందండి బాబూ!"

"ముందు బండి మీద బరకం కప్పు," అంది సుభాషిణి. ఆ టార్పాలిను బరకం ఆవిడ ఇంటిదే. అది కప్పు మీద ఊరికే పరిచింది కాబట్టి వివాదం కిందికి రాదని ఆవిడ ఉద్దేశం.

*

తర్వాతి రోజుల్లో ఇద్దరూ పాత బంక కోసం ఊరంతా తిరిగారు.

మంచినీటి ట్యాంకుల ఆఫీసులో ఇంజనీరు చేతులు జోడించాడు. "మా పాతది మాకే చాలడం లేదమ్మా. ట్యాంకు కారుతోందని గీకితే గుప్పెడొచ్చింది. తూకానికి తగ్గిందని నెల్నుంచి తిప్పుతున్నారు." పశువుల ఆసుపత్రిలో ఉందని తెలిసి అక్కడికి వెళ్లారు. అక్కడి డాక్టరు తన పాత బంకను మందుల బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. చూపించమంటే చూపించాడు గాని తాకనివ్వలేదు. "ఇవ్వమంటే ఇత్తాను టీచరు గారూ, దానికి బదులు నాకు విరిగిన కుర్చీలు నాలుగైదు చూసిపెట్టండి. కొత్త కుర్చీలకు పాత కాళ్లు తగ్గుతున్నాయి," అన్నాడు. ఆయన రోగులు నిలబడే వస్తారు కాబట్టి సరిపోయింది గాని, ఆయనకే కూర్చోడానికి లేదు.

తిరుగుతూ తిరుగుతూ చివరికి మెయిన్‌రోడ్డులో కొండలరావు హార్డువేరు షాపు ముందు ఆగారు. షాపు గుమ్మానికి అట్టముక్క వేలాడుతోంది. "ఇచ్చట పాత సీలెంటు లభించును. నాణ్యతకు హామీ."

"రండమ్మా రండి. ప్రభుత్వం వారికేనా?" అన్నాడు కొండలరావు. "కొత్తదైతే వెంటనే ఇచ్చేత్తానండి, చవక. పాతదైతే కొంచెం ఖరీదెక్కువండి, ముందు ఆర్డరు చెప్పుకోవాలండి."

"పాతది ఖరీదెక్కువేంటండీ?" అన్నాడు నూకరాజు.

"మరి పాతబడ్డానికి టైము పడద్దాండీ? ఊరికే పాతబడిపోద్దా?"

మేడ మీదికి తీసుకువెళ్లి చూపించాడు. ఎర్రటి ఎండలో పాత నూలుచీర పరిచి ఉంది. దాని మీద సగం వరకు ట్యూబుల్లోంచి పిండిన కొత్త సీలెంటు చుట్టలు చుట్టలుగా ఎండుతోంది. మిగతా సగంలో కొండలరావు తల్లి మాణిక్యమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. మాణిక్యమ్మ కాకుల్ని తోలుతూ రెండింటికీ ఒకే కర్రతో కాపలా కాస్తోంది.

"ఉప్పునీళ్లు చల్లి, కాస్త మసి రాసి, బూడిదలో పొర్లించి, మళ్లీ ఎండబెడతామండి. నెల్లో పదేళ్లది తయారు," అన్నాడు కొండలరావు గర్వంగా.

సుభాషిణికి అది నచ్చలేదు. అబద్ధం ఆడడం ఆవిడకు అలవాటు లేదు. కాని ఆ ఉదయమే ఆకాశాన మబ్బు కనిపించింది. "కొత్తది ఎండబెట్టిందే అని స్టోర్సులో చెప్పేస్తానండీ, నేను దాచను," అంది.

"చెప్పండమ్మా, చెప్పండి. విశ్వపతి గారికి తెలీదేంటండీ? వారు కూడా మొన్న ఆఫీసుకి పాత చీపురు నా దగ్గరే కొన్నారు."

తీరా ఇచ్చిన గడువు నాటికి వెళితే సరుకు లేదు. కొండలరావు తల దించుకుని కూర్చున్నాడు. జరిగింది ఇది. ముందు రోజు గాలివాన వస్తుంటే మాణిక్యమ్మ గబగబా చీర కొసలు నాలుగూ మూటగట్టి, మొత్తం వడియాల డబ్బాలోకి ఎత్తేసింది. ఆవిడ చూపు అంతంతమాత్రం. రాత్రి భోజనానికి అల్లుడు వస్తే గుప్పెడు తీసి నూనెలో వేసింది. కొన్ని పొంగాయి. కొన్ని పొంగలేదు. వీధంతా లారీ టైరు తగలబడినట్టు వాసన. అల్లుడు మర్యాదస్తుడు, ఒకటి నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, "గట్టిగా ఉన్నాయత్తయ్య గారూ, కానీ బాగున్నాయి," అని, చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లో ఉమ్మేశాడు.

"పప్పులోకి ఏయించిన వడియం సాగద్దేంట్రా అని మా అమ్మ నన్నే తిడతందండి," అన్నాడు కొండలరావు. "మిగిలినవి ఏరి ఇత్తానుండండి."

వడియాల్లోంచి బంక ఏరడానికి ముగ్గురూ ఒక పూట కూర్చున్నారు. సుభాషిణి కొరికి చూడాల్సిన అవసరం లేకుండా వాసన చూసి చెప్పగలిగింది. ఎన్నాళ్లకో ఆవిడ నవ్వింది. నూకరాజు అది చూసి, చూడనట్టు మరో వడియం తీసి వాసన చూశాడు.

*

ఏరి తెచ్చిన బంకను విశ్వపతి తూకం వేసి, కాగితం మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది కొత్తది ఎండబెట్టిందేనని సుభాషిణి ముందే చెప్పింది. ఆ మాట వినడం వల్ల తనకు కలిగే ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని ఆయన దాన్ని వినలేదు.

"తూకం సరి. ఇక వయసు తేలాలి. నిన్ననే ఉత్తర్వు వచ్చింది. కొందరు దుర్బుద్ధితో కొత్తవాటిని పాతవాటిగా చలామణి చేస్తున్నారట. ఇందుమూలంగా ప్రతి జిల్లాలో వార్ధక్య నిర్ధారణ సంఘం ఏర్పాటైంది. సంఘం వచ్చి కప్పు మీది మిగులు ఆనవాళ్లతో దీన్ని పోల్చి చూస్తుంది."

సంఘంలో విశ్వపతితో పాటు ఒక ఇంజనీరు, వృద్ధుల సంక్షేమాధికారి ఉన్నారు. వార్ధక్యం అన్న మాట కనిపించగానే ఎవరో ఆయన పేరు చేర్చారు. ఆయన కూడా అడగకుండా వచ్చేశాడు.

వాళ్లు వచ్చిన రోజున మబ్బు బాగా పట్టి ఉంది. అందరూ ఇల్లుబండిలో కూర్చున్నారు. ఇంజనీరు ముందుగా కప్పు మీద బరకం ఎవరిదని అడిగాడు. టీచరు గారి ఇంటిదని తేలింది.

"అనధికార ఆచ్ఛాదన. దీనివల్ల కప్పు సహజస్థితి సంఘానికి గోచరించదు. తొలగించండి," అన్నాడు.

"వానొచ్చేత్తాదండి," అన్నాడు నూకరాజు.

"వాన మా పరిధిలోనిది కాదు. బరకం మా పరిధిలోనిది."

నూకరాజు సుభాషిణి వైపు చూశాడు. ఆవిడ ఒక్క క్షణం కప్పు లోపలి తేలును చూసింది. తీయకపోతే సంఘం వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. "తియ్యి నూకరాజూ," అంది.

వృద్ధుల సంక్షేమాధికారి బంక ముక్కను అరచేతిలో పెట్టుకుని ప్రేమగా చూశాడు. "అరవై నిండాయా?"

"దీనికి అంత ఉండదండి," అన్నాడు ఇంజనీరు.

"అరవై నిండకపోతే నేను పాతదనలేను. ముఖం వాడినంత మాత్రాన వృద్ధాప్యం కాదు. మా దగ్గరికి పింఛను కోసం ఇలాగే వస్తారు. దీనికి ఆధార్ కార్డు ఉందా?"

"కుటుంబసభ్యులెవరైనా వాంగ్మూలం ఇస్తే సరిపోతుందేమో," అన్నాడు విశ్వపతి సర్దుబాటుగా.

అప్పుడే వాన మొదలైంది. మొదట రేకు మీద చప్పుడు. తర్వాత గాలికిటికీ పక్కనుంచి ఒక చుక్క. ఆ తర్వాత ధార. ధార సరిగ్గా విశ్వపతి ముందున్న కాగితాల మీద పడింది. ఆయన కుర్చీ జరుపుకున్నాడు. ఇంజనీరు లోపలే గొడుగు విప్పి, దాని కింద కూర్చుని నివేదిక రాయడం సాగించాడు. "కప్పు నుంచి నీరు కారుచున్నట్టు ఆరోపణ కలదు. సంఘం పరిశీలించినప్పుడు సదరు ఆరోపణకు సంబంధించిన లిఖితపూర్వక ఆధారమేదీ లభ్యం కాలేదు."

"అయ్యగారూ, మీ గొడుగు మీద పడేదేంటండి మరి?" అన్నాడు నూకరాజు.

"అది నీరు. కారడం వేరు."

కారుతున్న నీరు నల్లగా ఉంది. తర్వాత కాస్త తెల్లగా వచ్చింది. సుభాషిణి తొట్టిలోంచి గిన్నె తీసి ధార కింద పెట్టింది. పైన తేలు కొండి పోయింది. తోక వంపు మెల్లగా పోతోంది. ఆవిడ చీర చెంగు నీటి దారికి అడ్డుపెట్టి, చెయ్యి ఎత్తి అలాగే నిలబడింది. చెంగు తడిసి బరువెక్కింది. వాన తగ్గేదాకా ఆ చెయ్యి దించలేదు.

విశ్వపతి అది చూశాడు. లేచి, చేతిలోని తడికాగితాలు ఆవిడ చెయ్యి పక్కన అడ్డుపెట్టాడు. తర్వాత గుర్తొచ్చి, "ఇది అధికారికం కాదమ్మా," అన్నాడు.

బంక పాతది కాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సహజంగా పాతబడేవరకు వేచి ఉండవలసిందిగా టీచరుకు సూచించింది.

*

ఆషాఢం వచ్చింది. జ్యేష్ఠ చుక్క దాకా తేలు తోక మొత్తం పోయింది. ఎర్రచుక్క కింద తడి అంచు కనిపిస్తోంది. నూకరాజు ఇప్పుడు బరకం కప్పి, దాని మీద ఒక పాత బోర్డు పెట్టాడు. "ఎవులైనా అడిగితే బోర్డు ఆరబెడతన్నానని చెప్తానండి," అన్నాడు.

ఆ వారంలోనే సంచాలకులవారు స్వయంగా జిల్లాకు వస్తున్నారని కబురొచ్చింది. పాతకు ప్రణామం ఉత్తర్వు గడువు ఒక ఏడాదే. అది ముందు రోజుతో ముగిసింది. ఇంకా కట్టుదిట్టంగా రాసిన కొత్త ఉత్తర్వును, పథకం అమలులో అగ్రస్థానంలో ఉన్న మన జిల్లాలో విడుదల చెయ్యాలని ఆయన సంకల్పం. కార్యాలయం ఆవరణలో షామియానా వేశారు. వెనక వరసలో పశువుల డాక్టరు నిలబడ్డాడు. కొండలరావు పాత దండలు కొన్ని తెచ్చాడు, అవసరమైతే పనికొస్తాయని.

సంచాలకులవారు సన్నగా, నీటుగా, నిజాయితీ ముఖంతో ఉన్నారు. ఆయన మాట్లాడుతుంటే తన మాట తనే నమ్ముతున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది. "మిత్రులారా! పాతదాన్ని సమర్పించనివాడికి కొత్తదాన్ని కోరే నైతిక అర్హత లేదు. ఈ నియమానికి మినహాయింపు లేదు. పెద్దాచిన్నా లేదు. నాకూ లేదు!" చప్పట్లు మోగాయి. ఆయన పట్టుగుడ్డలో చుట్టిన కొత్త ఉత్తర్వు చేతిలోకి తీసుకున్నారు. "సందేహాలు ఉంటే అడగండి."

సుభాషిణి లేచింది. ఆవిడకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో అడిగింది.

"అయ్యా, ఈ కొత్త ఉత్తర్వుకు పాత ఉత్తర్వు జమ అయిందాండీ?"

సంచాలకులవారి ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఈమె పథకం ఆత్మను పట్టుకున్నారు. విశ్వపతి గారూ, పాత ఉత్తర్వు అసలు ప్రతి తీసుకురండి. అందరి ఎదుటా జమ చేసి, ఆపైన కొత్తది జారీ చేద్దాం."

విశ్వపతి లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేదు. చొక్కా మాత్రం తడిసి ఉంది. అది చెమట.

"అయ్యా. కార్యాలయానికి కొత్త తెల్లకాగితాల కట్టలు కావలసి, నియమానుసారం పాత కాగితాలు తూకానికి జమ చేశాం. తూకం ఒక్క కాగితం తగ్గింది. దరిమిలా, సదరు ఉత్తర్వును..."

ఆయన వాక్యం ముగించలేదు. ముగించనక్కర్లేకపోయింది.

 సంచాలకులవారు చేతిలోని కొత్త ఉత్తర్వు వైపు చూసుకున్నారు. మరొకరైతే నవ్వి విడుదల చేసేసేవారు. ఆయన అలాంటి మనిషి కాదు. పట్టుగుడ్డను మళ్లీ జాగ్రత్తగా చుట్టారు.

"పాతది దొరికేవరకు కొత్తది జారీ కాదు," అన్నారు. "వెతకండి. కాగితం మిల్లు దాకా వెళ్లండి. నేనూ వస్తాను."

"అంతవరకు ఏ నియమం అమల్లో ఉన్నట్టు సార్?" అన్నాడు విశ్వపతి సన్నని గొంతుతో.

"అంతవరకు నియమం లేదు," అన్నారు సంచాలకులవారు బాధగా. కారెక్కి మిల్లు వైపు వెళ్లిపోయారు. వెనకే ఇంజనీరు, సంక్షేమాధికారి కూడా వెళ్లారు.

షామియానా విప్పేవాళ్లు వచ్చారు. విశ్వపతి స్టోర్సు గది గుమ్మంలో తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. పిల్లాడు తప్పిపోయిన తండ్రిలా ఉన్నాడు.

"ఇప్పుడు మిమ్మల్ని నేనేం అడగాలమ్మా?"

"ఏమీ అడగక్కర్లేదండీ. తాళం తీస్తే చాలు."

తీశాడు. పెట్టెలకు పెట్టెలు సీలెంటు. మొదటి ట్యూబు నొక్కితే రాలేదు. రెండోదీ అంతే. నూకరాజు ఒకదాన్ని కోసి చూశాడు. లోపల రాయిలా గట్టిపడి, పగుళ్లు బారి, ఎవరు చూసినా పాతదని ఒప్పుకునేట్టు ఉంది.

"జిల్లాలో పాత బంకంతా ఇక్కడే ఉందండి బాబూ!" అని నూకరాజు అక్కడే కూలబడి నవ్వాడు. విశ్వపతి కూడా నవ్వాలో వద్దో తెలియక కాసేపు చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ధారించుకుని నవ్వాడు. ముగ్గురూ కలిసి అడుగు పెట్టె దాకా వెతికితే మెత్తగా ఉన్న ట్యూబులు కొన్ని దొరికాయి. ఇల్లుబండికి సరిపోతాయి.

*

వాన తెరిపి ఇచ్చి, ఎండ గట్టిగా కాసిన రోజున పని మొదలుపెట్టారు. అట్లకాడకు గుడ్డ చుట్టి అంచుల్లో కొత్తగా చేరిన మురికి గీకారు. స్పిరిటు తడిపిన గుడ్డతో రేకంతా తుడిచి ఆరనిచ్చారు. కిటికీ అంచుకూ రేకుకూ మధ్య అతుకు పట్టీ అంటించి, దాని మీద సీలెంటు పోసి, సబ్బునీట్లో ముంచిన వేలితో నునుపుగా దిద్దారు. స్క్రూల తలల మీద కూడా ఒక్కో చుక్క వేశారు. విశ్వపతి చొక్కా చేతులు మడిచి కింద నిచ్చెన పట్టుకున్నాడు. ఆ రోజు తాను సెలవులో ఉన్నానని మాటిమాటికీ చెప్పాడు.

అది బాగా గట్టిపడ్డాక నూకరాజు పైకెక్కి బిందెలతో నీళ్లు పోశాడు. సుభాషిణి లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని చూసింది. ఆ మంచం మీద ఆవిడ అలా పడుకోవడం అదే మొదలు. అక్కడి నుంచి చూస్తే ఆకాశం చాలా దగ్గరగా ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది.

"కారతందాండీ?" అని పైనుంచి కేక.

"లేదు."

"ఇంకో బిందె ఎయ్యనాండీ?"

"వెయ్యి."

కారలేదు.

ఆ వారమే ఇల్లుబండి పంటెక్కింది. లంకలో పిల్లలు పుస్తకాల కోసం కొట్టుకుని, చాప మీద పడి, పైకి చూశారు.

"టీచరు గారండీ, తేలుకు తోకేదండీ?"

"వానలో పోయింది."

"అయితే ఇంక కుట్టదు కదండీ?" అని ఒకడు. "తోక లేకపోతే అది తేలేంటిరా, పీతరా!" అని ఇంకొకడు. వాళ్లు తేలా పీతా అని తగువులాడుకుని, చివరికి జోగుతున్నవాళ్లు నిద్రపోయారు. సుభాషిణి వాళ్లను లేపలేదు.

బండి లంక నుంచి తిరిగి వచ్చాక విశ్వపతి దాని దగ్గరికి వచ్చాడు. మిల్లులో పాత ఉత్తర్వు కోసం ఇంకా గుజ్జు వడకడుతున్నారని చెప్పాడు. ఆ తర్వాత, "రంగులు ఇప్పిస్తానమ్మా. పాతవి అడగను," అన్నాడు.

"రంగులు ఇంట్లో ఉన్నాయండీ. ఆయనవి," అంది సుభాషిణి. "కుంచెలు కూడా ఉన్నాయి."

కప్పు ఇప్పుడు కారడం లేదు. రెండు పెద్ద వానలు పడినా చుక్క దిగలేదు. జ్యేష్ఠ ఎర్రగా అలాగే ఉంది. తేలు తోక ఇంకా వెయ్యలేదు.